ఒక్క రిక్వెస్టును అప్లికేషన్ నుంచి తీగ దాకా వెంబడించడం ఎలా? లినక్స్ మీద పూర్తి మార్గదర్శి

అప్లికేషన్ టీమ్ "మేం పంపేశాం" అంటుంది. సర్వర్ చూసేవాళ్లు "మాకేమీ రాలేదు" అంటారు. నెట్‌వర్క్ టీమ్ "పింగ్ పోతోంది, లింక్ బాగానే ఉంది" అంటుంది. చాలాసార్లు ముగ్గురూ చెప్పేది నిజమే. ఒకే సందేశాన్ని ముగ్గురూ మూడు పొరల్లో, మూడు పేర్లతో చూస్తున్నారు కాబట్టి ఎవరి మాట ఇంకొకరి మాటతో కలవదు.

ఒకే పిల్లవాడు ఇంట్లో బుజ్జిగాడు, బళ్లో ఒక రోల్ నంబరు, ఆధార్ కార్డులో ఇంటిపేరుతో సహా పూర్తి పేరు అయినట్టే, సందేశానికి కూడా ప్రతి పొరలో ఒక పేరుంటుంది. అప్లికేషన్‌లో రిక్వెస్ట్ ఐడీ. సాకెట్ (ప్రోగ్రామ్ నెట్‌వర్క్‌తో మాట్లాడే ద్వారం) దగ్గర ఫైల్ డిస్క్రిప్టర్ అనే చిన్న అంకె. టీసీపీలో రెండు ఐపీ అడ్రస్‌లు, రెండు పోర్టులు, ఆ పైన సీక్వెన్స్ నంబరు (బైట్ల వరుస సంఖ్య). ఈథర్నెట్‌లో రెండు మ్యాక్ అడ్రస్‌లు, అవి కూడా రౌటర్ దాటిన ప్రతిసారీ మారిపోతాయి. వెంబడించడం అంటే ఒక పొరలోని పేరును దాని కింది పొరలోని పేరుతో ముడి వేసుకుంటూ పోవడమే. కమాండ్లు ఎవరైనా నేర్చుకుంటారు. ఈ ముళ్లు వేయడం వచ్చినవాళ్లకే సమస్య దొరుకుతుంది.

ఇక్కడ తీసుకుంటున్న ఉదాహరణ అందరికీ తెలిసిన అమరిక. లినక్స్ క్లయింట్, మధ్యలో ఎన్‌జిన్‌ఎక్స్ రివర్స్ ప్రాక్సీ (రిక్వెస్టులు అందుకుని వెనక ఉన్న సర్వర్‌కు పంపేది), దాని వెనక 8080 పోర్టు మీద బ్యాకెండ్ (అసలు పని చేసే సర్వర్). కమాండ్ల పేర్లను పలికినట్టే తెలుగులో రాశాను. టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి. "మైనస్ ఎన్" అంటే చిన్న గీత, పక్కనే ఎన్ అక్షరం.

ముందు దారి గీసుకోండి

ఏ టూల్ తెరవకముందే కాగితం మీద దారి గీయండి. క్లయింట్ ఐపీ, అది బయటికి వెళ్లే ఇంటర్‌ఫేస్, మధ్యలో నాట్ (ఐపీలు, పోర్టులు మార్చే పెట్టె) ఎక్కడ ఉంది, ఫైర్‌వాల్ ఎక్కడ ఉంది, ప్రాక్సీకి రెండు వైపులా ఉన్న ఐపీలు, బ్యాకెండ్ ఐపీ. తిరుగు దారి కూడా గీయండి. వెళ్లిన దారినే జవాబు వస్తుందని ఇంటర్నెట్‌లో ఎవరూ హామీ ఇవ్వలేదు.

తర్వాత అన్ని మెషీన్ల గడియారాలూ కలిశాయా చూడండి. క్రోనీ (గడియారం సరిచేసే ప్రోగ్రామ్) ఉంటే "క్రోనీసీ ట్రాకింగ్" కొడితే తేడా ఎంతో చెబుతుంది. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది కానీ, రెండు వైపుల లాగ్‌లలో అర సెకను తేడా ఉంటే ప్యాకెట్ ఆలస్యమైందా, గడియారం తప్పా అన్నది తేల్చలేక గంటలు పోతాయి.

1వ అడుగు: రిక్వెస్టుకు గుర్తు పెట్టండి

వేల రిక్వెస్టులు పోతున్న సర్వర్‌లో "మన రిక్వెస్టు" ఏదో తెలియకపోతే వెంబడించేది ఏమీ ఉండదు. టెర్మినల్ నుంచి వెబ్ రిక్వెస్టులు పంపే టూల్ కర్ల్‌తో పంపేటప్పుడు మైనస్ హెచ్ (పెద్ద అక్షరం) ఆప్షన్ ఇచ్చి "ఎక్స్-రిక్వెస్ట్-ఐడీ" అనే హెడర్‌లో మరెక్కడా రాని మాట ఒకటి పెట్టండి. యూఆర్ఎల్ చివర క్వెరీ పారామీటర్‌గా కూడా అదే మాట పెడితే ఇంకా మంచిది. చాలా సర్వర్లు హెడర్లను లాగ్ చేయవు, యూఆర్ఎల్‌ను మాత్రం చేస్తాయి.

ఎన్‌జిన్‌ఎక్స్ దగ్గర రిక్వెస్ట్_ఐడీ అనే వేరియబుల్ సిద్ధంగా ఉంటుంది. క్లయింట్ ఏ గుర్తూ పంపకపోతే దాన్నే హెడర్‌గా బ్యాకెండ్‌కు పంపించవచ్చు. మీ సిస్టంలో ఓపెన్‌టెలిమెట్రీ లాంటి ట్రేసింగ్ టూల్ ఉంటే డబ్ల్యూ3సీ ప్రమాణం ప్రకారం ట్రేస్‌పేరెంట్ హెడర్ ఇప్పటికే తిరుగుతూ ఉంటుంది. అందులో 16 బైట్ల ట్రేస్ ఐడీ, 8 బైట్ల పేరెంట్ ఐడీ ఉంటాయి. సర్వీసుల మధ్య వెంబడించడానికి అది చక్కగా పనికొస్తుంది. కానీ అది అప్లికేషన్ పొర దాటి కిందికి రాదు. కెర్నల్‌కు (ఆపరేటింగ్ సిస్టం గుండెకాయకు) ఆ ఐడీ సంగతే తెలియదు. అందుకే ట్రేసింగ్ డ్యాష్‌బోర్డులో "ఇక్కడ 3 సెకన్లు పట్టింది" అని కనిపించినా, ఆ 3 సెకన్లు ఎందుకు పట్టాయో దానికి తెలియదు.

2వ అడుగు: మధ్యలో మొదలుపెట్టండి

చాలామంది పైనుంచి ఒక్కో పొరా దిగుతూ వస్తారు, లేదా కేబుల్ నుంచి ఎక్కుతూ పోతారు. రెండూ నిదానమే. ప్యాకెట్ మెషీన్ దాటే చోట, అంటే దాని అంచు దగ్గర, రెండు వైపులా ఒకేసారి టీసీపీడంప్ (ప్యాకెట్లను పట్టి చూపించే టూల్) పెట్టండి. ఒక్క దెబ్బతో సమస్య ఏ సగంలో ఉందో తేలిపోతుంది. ఈ టూల్ 1988లో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌లో వ్యాన్ జాకబ్సన్ బృందం చేతిలో పుట్టింది. ఇన్నేళ్లయినా మొదట చేతికి తీసుకోవాల్సింది ఇదే.

క్లయింట్‌లో, ప్రాక్సీలో ఒకేసారి టీసీపీడంప్ నడపండి. మైనస్ ఐ తర్వాత ఇంటర్‌ఫేస్ పేరు, మైనస్ ఎన్ఎన్ (పేర్లు, పోర్టులు అంకెల్లోనే చూపించడానికి), మైనస్ డబ్ల్యూ తర్వాత ఫైల్ పేరు, చివర "హోస్ట్ ఫలానా అండ్ పోర్ట్ ఫలానా" అనే ఫిల్టర్. ఏ ఇంటర్‌ఫేసో తెలియకపోతే "ఎనీ" అని ఇవ్వవచ్చు. అయితే అప్పుడు పూర్తి ఈథర్నెట్ హెడర్ దొరకదు. ఫిల్టర్‌లో "ఆర్ ఐసీఎంపీ" కూడా కలపండి. ఐసీఎంపీ అంటే నెట్‌వర్క్‌లో తప్పుల కబుర్లు మోసే ప్రోటోకాల్. అది ఎందుకో 6వ అడుగులో ఎంటీయూ (ఒక లింక్ మోయగల ప్యాకెట్ గరిష్ఠ సైజు) దగ్గర చెబుతాను.

ఇప్పుడు గుర్తు పెట్టిన రిక్వెస్టును పంపండి. రెండు ఫైళ్లనూ వైర్‌షార్క్‌లో (ప్యాకెట్లను విప్పి చూపే ప్రోగ్రామ్) తెరిచి చూస్తే ఈ అయిదింటిలో ఏదో ఒకటి కనిపిస్తుంది. క్లయింట్ నుంచి అసలు బయటికే రాలేదు: సమస్య క్లయింట్ లోపలే ఉంది. బయటికి వచ్చింది, ప్రాక్సీకి చేరలేదు: దారిలో ఉంది. చేరింది, జవాబు బయల్దేరలేదు: ప్రాక్సీ కెర్నల్‌లోనో అప్లికేషన్‌లోనో ఉంది. జవాబు బయల్దేరింది, క్లయింట్‌కు రాలేదు: తిరుగు దారి. అన్నీ సక్రమంగా వచ్చాయి, అప్లికేషన్ మాత్రం ఎర్రర్ ఇస్తోంది: మళ్లీ క్లయింట్ పైపొరలు. మిగతా అడుగుల్లో మీకు కావాల్సిన చోటికి ఇక్కడి నుంచే నేరుగా వెళ్లండి.

క్యాప్చర్ ఎక్కడ కూర్చుని చూస్తోంది?

ఇది తెలియకపోతే పై అయిదు ఫలితాలనూ తప్పుగా చదువుతారు. లినక్స్‌లో లోపలికి వచ్చే ప్యాకెట్‌ను టీసీపీడంప్ ఫైర్‌వాల్ కంటే ముందే చూస్తుంది. బయటికి వెళ్లే ప్యాకెట్‌ను మాత్రం ఫైర్‌వాల్, ట్రాఫిక్ క్యూ రెండూ దాటాక, డ్రైవర్‌కు ఇచ్చే ముందు చూస్తుంది.

దీనివల్ల రెండు విషయాలు. సర్వర్‌లోని టీసీపీడంప్‌లో ప్యాకెట్ కనిపించిందంటే అది అప్లికేషన్‌కు చేరిందని కాదు. అదే మెషీన్‌లో ఉన్న ఎన్ఎఫ్‌టేబుల్స్ (లినక్స్ ఫైర్‌వాల్) రూల్ దాన్ని తర్వాతి క్షణంలోనే పడేసి ఉండవచ్చు. అలాగే క్లయింట్‌లో కనిపించలేదంటే అప్లికేషన్ పంపలేదని కాదు. అవుట్‌పుట్ రూల్ ఆపేసి ఉండవచ్చు. ఎక్స్‌డీపీ అనే కెర్నల్ సదుపాయంతో రాసిన ప్రోగ్రామ్ డ్రైవర్‌లోనే ప్యాకెట్‌ను పడేస్తే టీసీపీడంప్‌కు అసలు కనిపించదు. ఎక్స్‌డీపీతో పనిచేసే లోడ్ బ్యాలన్సర్లు, డీడాస్ రక్షణ ఉన్న చోట ఇది గుర్తుంచుకోండి.

ఇంకో తికమక కూడా ఉంది. ఎంటీయూ 1500 అయినా క్యాప్చర్‌లో పదివేల బైట్లకు మించిన ప్యాకెట్లు కనిపిస్తాయి. కంగారు పడొద్దు. పెద్ద ముక్కను చిన్న సెగ్మెంట్లుగా కోసే పనిని కెర్నల్ నెట్‌వర్క్ కార్డుకు వదిలేస్తుంది. ఆ కోత జరగకముందే మనం చూస్తున్నాం. బయటికి వెళ్లే ప్యాకెట్లకు "చెక్‌సమ్ తప్పు" అని రావడానికి కారణం కూడా ఇదే, కార్డు దాన్ని తర్వాత నింపుతుంది. తీగ మీద నిజంగా పోయే సైజులు కావాలంటే ఈథ్‌టూల్‌తో టీఎస్‌ఓ, జీఎస్‌ఓ, జీఆర్‌ఓ (ఈ కోత, కూర్పు పనులు చేసే ఆఫ్‌లోడ్‌లు) ఆపి చూడండి. రద్దీగా ఉన్న సర్వర్‌లో ఇవి ఆపితే సీపీయూ మీద భారం పడుతుంది. టెస్ట్ మెషీన్‌లో అయితే ఫర్వాలేదు.

3వ అడుగు: రెండు ఫైళ్లలో ఉన్నది ఒకే ప్యాకెట్టా?

క్లయింట్ ఫైల్‌లో ఒక ప్యాకెట్, ప్రాక్సీ ఫైల్‌లో ఒక ప్యాకెట్. రెండూ ఒకటే అని ఎలా చెప్పగలరు? సమయం దగ్గరగా ఉంది కదా అని అనుకుంటే చాలదు. ఒక రీట్రాన్స్‌మిషన్ (మళ్లీ పంపిన ప్యాకెట్) కూడా అచ్చం మొదటి ప్యాకెట్ లాగే ఉంటుంది.

గుర్తు మాట హెచ్‌టీటీపీ 1.1లో అక్షరాలుగానే పోతుంది కాబట్టి వైర్‌షార్క్‌లో "ఫ్రేమ్ కంటెయిన్స్" ఫిల్టర్‌తో దాన్ని వెతకండి. దొరికిన ప్యాకెట్‌లో నాలుగు అంశాలు (రెండు ఐపీలు, రెండు పోర్టులు), సీక్వెన్స్ నంబరు రాసుకోండి. వైర్‌షార్క్ మామూలుగా సీక్వెన్స్ నంబర్లను సున్నా నుంచి మొదలుపెట్టి చూపిస్తుంది. పోల్చడానికి అసలు నంబర్లు కావాలి. టీసీపీ సెట్టింగ్స్‌లో రిలేటివ్ నంబర్లు ఆపేయండి, టీసీపీడంప్‌లోనైతే మైనస్ ఎస్ (పెద్ద అక్షరం) ఇవ్వండి. నాట్ వల్ల ఐపీలు, పోర్టులు మారినా సీక్వెన్స్ నంబరు సాధారణంగా మారదు. కొన్ని ఫైర్‌వాల్‌లు మాత్రం దాన్ని కూడా మార్చేస్తాయి. అప్పుడు ఐపీ హెడర్‌లోని 16 బిట్ల ఐడీని, పేలోడ్ బైట్లను పోల్చండి.

హెచ్‌టీటీపీ 2లో ఈ వెతుకులాట పనిచేయకపోవచ్చు. అందులో హెడర్లను హెచ్‌ప్యాక్ కుదిస్తుంది, అక్షరాలు అక్షరాలుగా ఉండవు. పైగా ఒకే టీసీపీ కనెక్షన్‌లో ఎన్నో రిక్వెస్టులు కలిసి పోతాయి, కాబట్టి స్ట్రీమ్ ఐడీ కూడా రాసుకోవాలి. వీలైతే వెతికే సమయంలో కర్ల్‌కు హెచ్‌టీటీపీ 1.1 వాడమని చెప్పండి. అయితే సమస్య హెచ్‌టీటీపీ 2లోనే వస్తుంటే అలా మార్చడం వల్ల సమస్యే మాయం కావచ్చు, అది కూడా ఒక ఆధారమే.

టీటీఎల్ (ప్యాకెట్ ఇంకా ఎన్ని రౌటర్లు దాటవచ్చో ఐపీ హెడర్‌లో చెప్పే అంకె) మీద కూడా ఒక కన్నేయండి. లినక్స్ 64తో, విండోస్ 128తో మొదలుపెడతాయి, ప్రతి రౌటర్ దగ్గర ఒకటి తగ్గుతుంది. 61తో వచ్చిందంటే మూడు రౌటర్లు దాటి వచ్చిందని అర్థం. ఒక సర్వర్ నుంచి వచ్చే ప్యాకెట్లన్నీ 61తో వస్తూ, కనెక్షన్ తెంచిన రీసెట్ ప్యాకెట్ ఒక్కటే 63తో వచ్చిందనుకోండి. ఆ రీసెట్ పంపింది సర్వర్ కాదు, మీకు దగ్గర్లో ఉన్న ఏదో పెట్టె. "సర్వర్ కనెక్షన్ తెంచేసింది" అనే వాదన చాలాసార్లు ఈ ఒక్క అంకెతోనే తీరిపోతుంది.

4వ అడుగు: పంపే వైపు, పైపొరల్లో

ముందు సమయం ఎక్కడ పోతోందో కర్ల్‌నే అడగండి. మైనస్ డబ్ల్యూ ఆప్షన్‌తో టైమ్_నేమ్‌లుకప్, టైమ్_కనెక్ట్, టైమ్_యాప్‌కనెక్ట్, టైమ్_స్టార్ట్‌ట్రాన్స్‌ఫర్, టైమ్_టోటల్ అనే అయిదు విలువలు ప్రింట్ చేయించండి. ఇవన్నీ మొదటి నుంచి లెక్కించిన సమయాలు కాబట్టి ఒకదాని నుంచి ముందుదాన్ని తీసేస్తేనే ఆ దశకు పట్టిన సమయం వస్తుంది. డీఎన్ఎస్‌కు (పేరును ఐపీగా మార్చడానికి) ఎంత, టీసీపీ కరచాలనానికి (హ్యాండ్‌షేక్) ఎంత, టీఎల్ఎస్‌కు (ఎన్‌క్రిప్షన్ ఏర్పాటుకు) ఎంత, సర్వర్ ఆలోచనకు ఎంత అన్నది ఒక్క చూపులో తెలుస్తుంది.

ఆలస్యం అంకెకు తనదైన రూపం ఉంటుంది, దాన్ని చదవడం నేర్చుకుంటే సగం పని అయిపోయినట్టే. సరిగ్గా 5 సెకన్లు అయితే మొదట డీఎన్ఎస్‌ను అనుమానించండి. జీలిబ్‌సీ (లినక్స్ ప్రోగ్రామ్‌ల మూల లైబ్రరీ) రిజాల్వర్ ఒక సర్వర్ కోసం మామూలుగా 5 సెకన్లు ఎదురుచూసి తర్వాతిదాన్ని అడుగుతుంది. 1 సెకను, ఆ తర్వాత 3, ఆ తర్వాత 7 దగ్గర కదలిక కనిపిస్తే సిన్ ప్యాకెట్ (కనెక్షన్ కోరే మొదటి ప్యాకెట్) బయటికి వెళ్తోంది కానీ జవాబు రావడం లేదు. లినక్స్ 1, 2, 4 సెకన్ల విరామంతో మళ్లీ పంపుతోంది (6.5 నుంచి వచ్చిన కెర్నల్‌లలో మొదటి కొన్ని ప్రయత్నాలూ ఒక్కో సెకనుకే జరుగుతాయి). 200 మిల్లీసెకన్ల చుట్టూ ఆలస్యం ఉంటే ఒక డేటా ప్యాకెట్ పోయి మళ్లీ పంపారేమో చూడండి, లినక్స్‌లో రీట్రాన్స్‌మిషన్ టైమర్ కనీస విలువ అదే. 40 మిల్లీసెకన్లు పదేపదే కనిపిస్తే అది నేగల్ అల్గారిథమ్ (చిన్న ముక్కలను కలిపి పంపాలని ఆపేది), డిలేడ్ యాక్ (అందిందనే రసీదును కాస్త ఆగి పంపేది) ఒకదాని కోసం ఒకటి ఆగుతున్నప్పుడు వచ్చే ఆలస్యం. చిన్న చిన్న రైట్‌లు చేసే ప్రోగ్రామ్‌లో నేగల్‌ను ఆపే టీసీపీ_నోడిలే పెట్టకపోతే ఇది వస్తుంది.

డీఎన్ఎస్‌ను పరీక్షించేటప్పుడు డిగ్ ఒక్కదాన్నే నమ్మొద్దు. డిగ్ నేరుగా డీఎన్ఎస్ సర్వర్‌ను అడుగుతుంది. మీ అప్లికేషన్ మాత్రం ఎన్ఎస్‌స్విచ్ ఫైలు చెప్పిన వరుసలో వెళ్తుంది, అందులో హోస్ట్స్ ఫైలు ముందుంటుంది. ఎప్పుడో ఎవరో హోస్ట్స్‌లో పెట్టి మరిచిపోయిన పాత ఐపీని డిగ్ ఎప్పటికీ చూపించదు. "గెట్‌ఎంట్ ఏహోస్ట్స్" కమాండ్ అప్లికేషన్ వెళ్లే దారిలోనే వెళ్తుంది. ఐపీవీ6, ఐపీవీ4 అడ్రస్‌లు ఏ వరుసలో వస్తున్నాయో కూడా అదే చూపిస్తుంది.

ఇక అప్లికేషన్ పేరుకూ టీసీపీ పేరుకూ మధ్య ముడి. దీనికి, ప్రోగ్రామ్ కెర్నల్‌ను అడిగే ప్రతి పనినీ చూపించే ఎస్‌ట్రేస్‌ను మించింది లేదు. మైనస్ ఎఫ్ (థ్రెడ్‌లన్నీ), మైనస్ టీటీ (సమయం), మైనస్ వైవై, మైనస్ ఎస్ 256 ఇచ్చి, నెట్‌వర్క్ కాల్స్‌తో పాటు రీడ్, రైట్ కాల్స్ కూడా పట్టమని చెప్పండి. మైనస్ వైవై చేసే మేలు చాలా పెద్దది. ఫైల్ డిస్క్రిప్టర్ పక్కనే ఆ కనెక్షన్ ఐపీలు, పోర్టులు చూపిస్తుంది. అంటే "7వ నంబరు సాకెట్‌లోకి ఈ రిక్వెస్ట్ ఐడీ ఉన్న బైట్లు రాశాను, ఆ సాకెట్ ఈ పోర్టు నుంచి ఆ పోర్టుకు పోతోంది" అన్నది ఒకే లైన్‌లో దొరుకుతుంది. మూడు పేర్లు ఒక్కచోట. ఎస్‌ట్రేస్ ప్రోగ్రామ్‌ను బాగా నెమ్మదింపజేస్తుంది కాబట్టి ప్రొడక్షన్‌లో కొద్ది సెకన్లకు మించి తగిలించొద్దు.

ఎస్‌ట్రేస్‌లో సెండ్ కాల్ "విజయం" అని చూపిస్తే దాని అర్థం ఒక్కటే: బైట్లు కెర్నల్ బఫర్‌లోకి కాపీ అయ్యాయి. అవి మెషీన్ దాటాయని కాదు, అవతలికి చేరాయని అసలే కాదు. "మా లాగ్‌లో సెంట్ అని ఉంది" అనే మాటకు విలువ ఇంతే. ఇంకో సంగతి, టీసీపీకి సందేశాల హద్దులు తెలియవు. ఒక రైట్ నాలుగు సెగ్మెంట్లు కావచ్చు, నాలుగు రైట్‌లు ఒకే సెగ్మెంట్ కావచ్చు. ఒక రీడ్‌కు ఒక పూర్తి సందేశం వస్తుందని రాసిన కోడ్ ఆఫీసు లాన్‌లో పనిచేసి, దూరపు లింక్ మీద విరిగిపోవడానికి కారణం ఇదే.

ఎర్రర్ కోడ్‌లు కూడా ఏ పొర మాట్లాడుతోందో చెబుతాయి. "కనెక్షన్ రెఫ్యూజ్డ్" అంటే సాధారణంగా రీసెట్ వచ్చింది, అంటే అవతల ఎవరో ఉన్నారు, ఆ పోర్టులో మాత్రం ఎవరూ వినడం లేదు. "టైమ్డ్ అవుట్" అంటే మౌనం, ఎవరో పడేస్తున్నారు. "నో రూట్ టు హోస్ట్" అని వచ్చినా చాలాసార్లు రూటింగ్‌లో తప్పుండదు, పక్క మెషీన్ ఏఆర్‌పీకి (ఈ ఐపీ మ్యాక్ అడ్రస్ ఏదని అడిగే ప్రశ్నకు) జవాబివ్వక ఆ మాట వస్తుంది. పింగ్ చేస్తే "ఆపరేషన్ నాట్ పర్మిటెడ్" అని వస్తే మీ మెషీన్‌లోని ఫైర్‌వాలే ఆపుతోంది.

తర్వాత "ఎస్ఎస్" కమాండ్ (సాకెట్ల స్థితి చూపేది) మైనస్ టీఎన్‌పీఐతో కొట్టండి. సెండ్-క్యూలో బైట్లు పేరుకుపోయి ఉంటే అవతలి నుంచి యాక్ రాలేదని అర్థం. రీట్రాన్స్ అంకె పెరుగుతూ ఉంటే ప్యాకెట్లు దారిలో తప్పిపోతున్నాయి. రీసీవ్-క్యూ నిండి ఉంటే నెట్‌వర్క్ తన పని చేసింది, ప్రోగ్రామే చదవడం లేదు. ఈ మూడు అంకెలు చూడకుండా "నెట్‌వర్క్ స్లో" అని టికెట్ వేయడం న్యాయం కాదు.

5వ అడుగు: కెర్నల్ లోపల

ప్రోగ్రామ్ రాసింది, టీసీపీడంప్‌లో కనిపించలేదు. అంటే మధ్యలో కెర్నల్‌లోనే ఆగింది. మొదట "ఐపీ రూట్ గెట్" అని గమ్యం ఐపీ ఇవ్వండి. రూటింగ్ టేబుల్ మొత్తం చదివి ఊహించడం కంటే, ఈ గమ్యానికి ఏ ఇంటర్‌ఫేస్, ఏ గేట్‌వే, ఏ సోర్స్ ఐపీ వాడతావని కెర్నల్‌నే అడగడం మేలు. వీపీఎన్ ఆన్ చేసిన ల్యాప్‌టాప్‌లలో జవాబు చూసి ఆశ్చర్యపోతారు. తర్వాత "ఐపీ నెయ్" (పక్క మెషీన్ల మ్యాక్ అడ్రస్‌ల పట్టిక) చూడండి. గేట్‌వే పక్కన ఫెయిల్డ్ లేదా ఇన్‌కంప్లీట్ అని ఉంటే సమస్య రెండో పొరలో (ఈథర్నెట్‌లో) ఉంది, పైన ఎంత వెతికినా దొరకదు.

ఫైర్‌వాల్ మీద అనుమానం ఉంటే రూల్స్ అన్నీ చదువుతూ కూర్చోవద్దు. ఎన్ఎఫ్‌టేబుల్స్‌లో మీ ప్యాకెట్‌కు మాత్రమే సరిపోయే ఒక రూల్ పెట్టి, దానికి "మెటా ఎన్ఎఫ్‌ట్రేస్ సెట్ 1" అని చేర్చండి. ఇంకో టెర్మినల్‌లో "ఎన్ఎఫ్‌టీ మానిటర్ ట్రేస్" నడపండి. ప్యాకెట్ ఏ చెయిన్‌లో, ఏ రూల్ దగ్గర, ఏ తీర్పు పొందిందో వరుసగా వస్తుంది.

అదీ కాకపోతే, కెర్నల్ ప్యాకెట్‌ను పడేసినప్పుడు కేఫ్రీ_ఎస్‌కేబీ అనే ట్రేస్‌పాయింట్ (కెర్నల్‌లో ముందే అమర్చిన గంట లాంటిది) మోగుతుంది. 5.17 కెర్నల్ నుంచి పడేసిన కారణం కూడా అందులోనే వస్తోంది. పెర్ఫ్ టూల్‌తో దాన్ని పట్టవచ్చు. సిలియం ప్రాజెక్టు వాళ్ల పీడబ్ల్యూఆర్‌యూ ఇంకా బాగుంటుంది. ఫిల్టర్ ఇస్తే ఆ ప్యాకెట్ కెర్నల్‌లో ఏయే ఫంక్షన్ల గుండా పోయిందో వరుసగా చూపిస్తుంది. కంటెయినర్లు, కుబర్నెటీస్ ఉన్న చోట నెట్‌వర్క్ నేమ్‌స్పేస్‌లు (ఒకే మెషీన్‌లోని వేరువేరు నెట్‌వర్క్ గదులు) మారుతూ పోయే ప్యాకెట్‌ను వెంబడించడానికి ఇది వరం లాంటిది.

6వ అడుగు: దారిలో

బయల్దేరింది, చేరలేదు. ఇక్కడ ముగ్గురిని అనుమానించాలి.

మొదటిది నాట్. దాని దగ్గర పేరు మారిపోతుంది. నాట్ చేసేది లినక్స్ మెషీన్ అయితే "కాన్‌ట్రాక్ మైనస్ ఎల్" పాత పేరునూ కొత్త పేరునూ ఒకే లైన్‌లో చూపిస్తుంది, అదే మన ముడి. మొబైల్ నెట్‌వర్క్‌లలో, చాలా బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లలో ఐఎస్‌పీ దగ్గర ఇంకో నాట్ ఉంటుంది. మీ రౌటర్ వ్యాన్ (బయటి వైపు) ఐపీ 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు దాని వెనక ఉన్నట్టే. అక్కడ ఒకే పబ్లిక్ ఐపీని ఎందరో పంచుకుంటారు, కాబట్టి సర్వర్ లాగ్‌లో ఐపీ ఒక్కటే ఉంటే ఎవరి రిక్వెస్టో తేల్చలేరు. సోర్స్ పోర్టు కూడా లాగ్ చేయమని 2011లోనే ఇంటర్నెట్ పద్ధతుల పత్రం ఆర్ఎఫ్‌సీ 6302 చెప్పింది. ఎన్‌జిన్‌ఎక్స్‌లో లాగ్ ఫార్మాట్‌కు రిమోట్_పోర్ట్ చేర్చడం ఒక్క నిమిషం పని. ఈరోజే చేయండి.

రెండోది మరపు. మధ్యలో ఉన్న నాట్‌లు, లోడ్ బ్యాలన్సర్లు కాసేపు కదలిక లేని కనెక్షన్‌ను మరిచిపోతాయి. అమెజాన్ నాట్ గేట్‌వే 350 సెకన్లకే మరిచిపోతుంది. లినక్స్ టీసీపీ కీపలైవ్ (కనెక్షన్ బతికుందా అని తట్టి చూసేది) మొదటిసారి తట్టేది మాత్రం 7200 సెకన్లకు, అది కూడా ప్రోగ్రామ్ అడిగితేనే. ఈ రెండింటి మధ్య ఉన్న ఖాళీలోనే "ఉదయం వచ్చిన మొదటి రిక్వెస్ట్ మాత్రమే ఫెయిల్ అవుతోంది" లాంటి ఫిర్యాదులు పుడతాయి. కనెక్షన్ పూల్ ఉన్న డేటాబేస్ క్లయింట్లలో ఇది మరీ ఎక్కువ. కీపలైవ్ విరామాన్ని మధ్యపెట్టె గడువు కంటే తక్కువ పెడితే తీరిపోతుంది.

మూడోది ఎంటీయూ. దీని మీద కాస్త ఆగాలి, ఎందుకంటే మామూలు పరీక్షలన్నిటికీ అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. పింగ్ పోతుంది, టీసీపీ కనెక్ట్ అవుతుంది, చిన్న పేజీలు వస్తాయి. పెద్ద ఫైల్ అప్‌లోడ్ చేయగానే ఆగిపోతుంది. వీపీఎన్ మీద ఇంటి నుంచి పనిచేసేవాళ్లకు ఇది బాగా పరిచయం. జరిగేది ఇది: క్లయింట్ 1500 బైట్ల ప్యాకెట్ పంపుతుంది. దారిలో సొరంగం (టనెల్, ప్యాకెట్‌ను ఇంకో ప్యాకెట్‌లో చుట్టి పంపే దారి) ఉన్న లింక్‌లో అంత చోటు ఉండదు. పీపీపీఓఈ (బ్రాడ్‌బ్యాండ్ లాగిన్ పద్ధతి) అయితే 1492, వైర్‌గార్డ్ వీపీఎన్ అయితే మామూలుగా 1420. ప్యాకెట్ మీద "ముక్కలు చేయొద్దు" అని ఉంటుంది కాబట్టి రౌటర్ దాన్ని పడేసి, ఐసీఎంపీ టైప్ 3, కోడ్ 4 తో "చిన్నది పంపు" అని కబురు పెడుతుంది. 1990 నాటి ఆర్ఎఫ్‌సీ 1191 చెప్పిన పద్ధతి ఇది. "భద్రత కోసం" ఐసీఎంపీ అంతా ఆపేసిన ఫైర్‌వాల్ దారిలో ఉంటే ఆ కబురు చేరదు. క్లయింట్ అదే పెద్ద ప్యాకెట్‌ను మళ్లీ మళ్లీ పంపుతూనే ఉంటుంది.

క్యాప్చర్‌లో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. క్లయింట్ వైపు ఒకే సీక్వెన్స్ నంబరుతో నిండు సైజు సెగ్మెంట్ పదేపదే, విరామం ప్రతిసారీ రెట్టింపవుతూ. అవతలి వైపు ఆ సీక్వెన్స్ ఒక్కసారి కూడా కనిపించదు, చిన్న ప్యాకెట్లు మాత్రం చక్కగా చేరుతుంటాయి. నిర్ధారణకు పింగ్‌ను మైనస్ ఎం (పెద్ద అక్షరం) "డూ", మైనస్ ఎస్ 1472 తో కొట్టండి. 1472కు ఐసీఎంపీ 8, ఐపీ 20 కలిపితే 1500. దానికి జవాబు రాక, 1392కు (కలిపితే 1420) జవాబు వస్తే దారిలో వైర్‌గార్డ్ సైజు సొరంగం ఉన్నట్టు. సరైన మందు ఆ ఐసీఎంపీని అనుమతించడం. మన చేతిలో లేని ఫైర్‌వాల్ అయితే రౌటర్‌లో ఎంఎస్ఎస్ క్లాంపింగ్ (టీసీపీ సెగ్మెంట్ గరిష్ఠ సైజును తగ్గించడం) పెట్టండి. ఇప్పటి క్రోమ్‌లో టీఎల్ఎస్ మొదటి సందేశంలోనే క్వాంటమ్ దాడులను తట్టుకునే కీ కూడా పోతుంది. ఆ కీ ఒక్కటే 1184 బైట్లు. దాంతో మొదటి సందేశమే ఒక ప్యాకెట్‌లో పట్టడం లేదు. ఇంతకాలం పెద్ద అప్‌లోడ్‌లలో మాత్రమే బయటపడే ఈ లోపం ఇప్పుడు "సైట్ అసలు తెరుచుకోవడం లేదు" రూపంలో కూడా రావచ్చు.

7వ అడుగు: అందుకునే వైపు

ప్యాకెట్ సర్వర్ కార్డు దాకా వచ్చింది, ప్రోగ్రామ్‌కు తెలియలేదు. "ఎస్ఎస్ మైనస్ ఎల్‌టీఎన్" కొట్టండి. లిజన్ స్థితిలో ఉన్న సాకెట్లకు ఆ రెండు క్యూ అంకెల అర్థం వేరు: రీసీవ్-క్యూ అంటే ప్రోగ్రామ్ అందుకోవడం (యాక్సెప్ట్) కోసం ఎదురుచూస్తున్న కనెక్షన్లు, సెండ్-క్యూ అంటే ఎన్నింటికి చోటుందో ఆ పరిమితి. మొదటిది రెండోదాన్ని తాకుతుంటే ప్రోగ్రామ్ కొత్త కనెక్షన్లను అందుకోలేకపోతోంది. అప్పుడు లినక్స్ కరచాలనంలోని చివరి యాక్‌ను చప్పుడు లేకుండా పడేస్తుంది. క్లయింట్ మాత్రం కనెక్ట్ అయ్యానని అనుకుని డేటా పంపుతూ ఉంటుంది. "ఎన్‌స్టాట్"లో లిజన్‌ఓవర్‌ఫ్లోస్ పెరుగుతుంటే రుజువు దొరికినట్టే.

సర్వర్‌కు రెండు ఇంటర్‌ఫేసులుండి, ప్యాకెట్ ఒకదాంట్లో వచ్చి జవాబు ఇంకోదాంట్లో వెళ్లాల్సి ఉంటే, రివర్స్ పాత్ ఫిల్టర్ (ప్యాకెట్ సరైన ఇంటర్‌ఫేస్‌లోనే వచ్చిందా అని చూసే కెర్నల్ తనిఖీ) దాన్ని పడేయవచ్చు. ఎన్‌స్టాట్‌లో ఐపీరివర్స్‌పాత్‌ఫిల్టర్ అంకె చూడండి.

8వ అడుగు: ప్రాక్సీని దాటడం

ప్రాక్సీ దగ్గర క్లయింట్ కనెక్షన్ ముగిసిపోతుంది. బ్యాకెండ్‌కు పోయేది పూర్తిగా వేరే టీసీపీ కనెక్షన్, సీక్వెన్స్ నంబర్లూ వేరే. కింది పొరల్లో ఇక్కడ ముడి ఉండదు, అందుకే పైపొరలో గుర్తు పెట్టమన్నాను. ఎన్‌జిన్‌ఎక్స్ లాగ్‌లో రిక్వెస్ట్ ఐడీ, రిమోట్_అడ్రస్, రిమోట్_పోర్ట్, అప్‌స్ట్రీమ్_అడ్రస్, అప్‌స్ట్రీమ్_రెస్పాన్స్_టైమ్ అన్నీ ఒకే లైన్‌లో వచ్చేలా పెట్టండి. ఆ లైన్ చేతిలో ఉంటే బ్యాకెండ్ వైపు మళ్లీ 2వ అడుగు నుంచి మొదలుపెట్టవచ్చు.

టీఎల్ఎస్ ఉంటే క్యాప్చర్‌లో గుర్తు మాట కనిపించదు. టీఎల్ఎస్ 1.3లో సర్వర్ ప్రైవేట్ కీ చేతిలో ఉన్నా డీక్రిప్ట్ చేయలేరు, ప్రతి సెషన్‌కు కొత్త కీలు పుడతాయి. క్లయింట్ మీ చేతిలో ఉంటే ఎస్ఎస్ఎల్‌కీలాగ్‌ఫైల్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ఒక ఫైల్ పేరు ఇచ్చి కర్ల్, క్రోమ్ లేదా ఫైర్‌ఫాక్స్ నడపండి. సెషన్ కీలు అందులో పడతాయి. వైర్‌షార్క్ టీఎల్ఎస్ సెట్టింగ్స్‌లో ఆ ఫైల్ చూపిస్తే లోపలి హెచ్‌టీటీపీ అంతా తెరుచుకుంటుంది. క్లయింట్ మీ చేతిలో లేకపోతే, ప్రాక్సీ టీఎల్ఎస్ విప్పి బ్యాకెండ్‌కు మామూలు హెచ్‌టీటీపీ పంపే చోట క్యాప్చర్ పెట్టడం తేలిక.

పని అయ్యాక

ఎప్పుడో ఒకసారి వచ్చే సమస్య అయితే టీసీపీడంప్‌కు మైనస్ సీ, మైనస్ డబ్ల్యూ (రెండూ పెద్ద అక్షరాలు) ఇచ్చి, నిర్ణీత సైజులో కొన్ని ఫైళ్లనే తిప్పి తిప్పి రాసేలా వదిలేయండి. లేకపోతే డిస్క్ నిండి కొత్త సమస్య మొదలవుతుంది. కారణం దొరికాక, పెట్టిన ఎన్ఎఫ్‌ట్రేస్ రూల్ తీసేయండి. ఆపిన ఆఫ్‌లోడ్‌లు మళ్లీ ఆన్ చేయండి. కీలాగ్ ఫైల్‌ను, విప్పిన క్యాప్చర్‌లను టికెట్‌కు అటాచ్ చేయొద్దు. అందులో వాడుకదారుల పాస్‌వర్డ్‌లు, కుకీలు, టోకెన్‌లు ఉంటాయి. టికెట్‌లో నాలుగు అంశాలు, సీక్వెన్స్ నంబరు, రెండు వైపుల సమయాలు రాస్తే చాలు. అవతలి టీమ్ వాటితో తమ వైపు అదే ప్యాకెట్‌ను వెతుక్కోగలుగుతుంది.